గుక్కెడు మంచినీళ్లు... గుప్పెడు ఐసు

అండమాన్‌లోని శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) జంగ్లీఘాట్‌లో వేటకు బయల్దేరే పడవలోకి రెండు రకాల నీళ్లు ఎక్కుతాయి. ఒకటి దిమ్మల రూపంలో వస్తుంది. దాన్ని పొడి చేసి చేపల గదిలోకి దించుతారు. రెండోది డ్రమ్ముల్లో, క్యాన్లలో వస్తుంది. దాన్ని వంట సామాను పక్కన కదలకుండా కట్టిపెడతారు. బియ్యం తగ్గితే చేపతో సరిపెట్టుకోవచ్చు. డీజిల్ చాలకపోతే పక్క పడవను అడగొచ్చు. ఈ రెండు నీళ్లలో ఏది అయిపోయినా వల చుట్టేసి ఒడ్డుకు రావాల్సిందే.

ఇంటిని చక్రాల మీద పెట్టుకుని ఊళ్లు తిరిగే మోటర్‌హోమ్‌లు మన దగ్గర ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నాయి. మంచం, పొయ్యి, బుల్లి ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు అన్నీ బండిలోనే. వాటిలో తిరిగేవాళ్లకు రెండో వారానికే తెలిసొచ్చే కష్టం ఒకటుంది: ట్యాంకు నీళ్లు నోట్లో పోసుకోబుద్ధి కాదు, ఆ నీళ్లతో చేసిన ఐసు వేస్తే నిమ్మరసం రుచి కూడా మారిపోతుంది. అండమాన్‌లో అలాంటి బండ్లు అరుదు. అక్కడ కదిలే ఇల్లంటే పడవే. అసలు ఆ దీవులే పెద్ద మోటర్‌హోమ్‌లాంటివి. బయటి నుంచి నది రాదు, కాలువ రాదు. పైన పడిన వానను ఎంత పట్టుకుంటే అంతే. దాన్ని ఎంత శుభ్రంగా దాచుకుంటే అంత రుచి. అందుకే బండిలోనైనా పడవలోనైనా మంచి నీళ్లు, మంచి ఐసు ఎలా దక్కించుకోవాలో తెలుసుకోవాలంటే అండమాన్‌కు మించిన చోటు లేదు.

ఈ కథలో మనవాళ్లున్నారు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవారు దాదాపు 13 శాతం. అండమాన్ అనగానే మనకు సెల్యులార్ జైలు, అక్కడ శిక్ష అనుభవించిన రంప తిరుగుబాటు యోధులు, కాకినాడ బాంబు కేసు ప్రతివాది భయంకరాచారి గుర్తొస్తారు. ఆ తర్వాత ఓడెక్కి వెళ్లినవాళ్లు మాత్రం బతుకుతెరువు కోసం వెళ్లారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వల, తెడ్డు పట్టుకుని వెళ్లిన మత్స్యకార కుటుంబాలు వాళ్లలో ఎన్నో. సముద్రం వాళ్లకు కొత్త కాదు. కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది మంచినీళ్లను దాచడం.

చాథమ్‌లో చాలని నీళ్లు

ఆంగ్లేయులకు ఈ పాఠం చాలా ముందే ఎదురైంది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథమ్ దీవి మీద తొలి వలస కేంద్రం పెట్టాడు. కొన్నేళ్లకే దాన్ని ఉత్తరానికి మార్చారు. జబ్బులు చుట్టుముట్టడంతో 1796లో పూర్తిగా వదిలేశారు. మళ్లీ 1858 మార్చి 10న, సిపాయిల తిరుగుబాటు ఖైదీలు 200 మందితో డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ దిగాడు. ఆయనా ముందు చాథమ్‌నే ఎంచుకున్నాడు. అక్కడ తాగునీరు చాలలేదు. మకాం రాస్ దీవికి మారింది. ఇప్పుడు దాని పేరు నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపం. 1941 భూకంపం, మరుసటి ఏడాది జపాన్ ఆక్రమణ వచ్చేదాకా అండమాన్ పాలన అంతా ఆ చిన్న దీవి మీద నుంచే సాగింది. నేడు చెట్ల వేళ్లు చుట్టుకున్న ఆ శిథిలాల మధ్య చర్చినీ బేకరీనీ చూసి ఫొటోలు తీసుకునే సందర్శకులు నీటి శుద్ధి ప్లాంటు దగ్గర ఆగరు. ఆగి చూడాల్సింది అక్కడే. ఆ ఊరు నిలబడింది దాని మీదే.

అంతకు వేల ఏళ్ల ముందు నుంచి ఇక్కడున్న ఆదివాసులకు నీటి పాత్రల తెలివి బాగా తెలుసు. అండమాన్ ఆదివాసులు నాటిలస్ గవ్వను నీళ్లు తాగే గిన్నెగా వాడేవారు. నికోబారీలు గుజ్జు తీసిన కొబ్బరి చిప్పల్లో నీళ్లు నింపి మోసుకెళ్లేవారు. మంచినీటికి బాగా కటకటపడే చౌరా దీవి లాంటి చోట్ల కొబ్బరి బోండమే దాహం తీర్చింది. నీటిని చెడగొట్టని పాత్రను వాళ్లు చెట్టు మీద, సముద్రపు ఒడ్డున వెతికి పట్టుకున్నారు.

వాన ఎక్కువ, నిల్వ తక్కువ

అండమాన్‌లో ఏటా కురిసే వాన సుమారు 3,000 మిల్లీమీటర్లు. అనంతపురం జిల్లాలో పడేదానికి అయిదు రెట్ల పైమాటే. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ తడుపుతాయి. అయినా జనవరి దాటితే కుళాయి వైపు చూపులు మొదలవుతాయి. కారణం నేలలోనే ఉంది. దక్షిణ అండమాన్‌లో చాలా భాగం ఇసుకరాయి, పలకరాతి పొరలు, వాటి మీద బంకమన్ను. నీరు లోపలికి ఇంకదు. కొండలు నిటారు, సముద్రం దగ్గర. పడిన వాన గంటల్లో ఉప్పునీట్లో కలిసిపోతుంది. రంగచాంగ్ వైపు అగ్నిశిలల పగుళ్లు నీటిని కొంత పట్టుకుంటాయి. ఆ ఊటలే అక్కడి ఇళ్లకు ఆధారం.

శ్రీ విజయపురం నగరానికి పెద్ద దిక్కు 1973లో కట్టిన ధనీఖారీ జలాశయం. ఎండలు ముదిరితే దాని మట్టం పడిపోతుంది. కుళాయి రోజు మార్చి రోజు, కరవు కాలంలో ఇంకా ఆలస్యంగా వస్తుంది. అలాంటి ఊళ్లో ప్రతి ఇల్లూ ఒక చిన్న జలాశయమే. కప్పు మీద సింటెక్స్ ట్యాంకు, వసారాలో నీలం డ్రమ్ములు, వంటింట్లో బిందెలు. నీరు కుళాయి నుంచి నోటికి నేరుగా రాదు. రెండు మూడు రోజులు ఎక్కడో ఒకచోట కూర్చుని వస్తుంది. నీళ్లు బాగోలేవని తిట్టేటప్పుడు మనం ఎప్పుడూ జలాశయాన్నో మున్సిపాలిటీనో అంటాం. రుచి చెడేది చాలాసార్లు ఆ కూర్చున్న చోటే.

2004 డిసెంబరు 26 సునామీ ఈ కష్టానికి మరో పొర చేర్చింది. భూకంపంతో దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు మేర కుంగింది. సిప్పీఘాట్ దగ్గర పొలాల మీదికి ఎక్కిన సముద్రం వెనక్కి పోలేదు. నికోబార్‌లో బావులు ఉప్పుబారాయి. పగడపు సున్నపురాయి దీవుల్లో మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరుంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా అది ఉప్పునీటిని అణిచి ఉంచుతుందని లెక్క. పైన ఒక్క మీటరు తోడేస్తే కింద నుంచి ఉప్పు అంత ఎత్తూ ఎగబాకుతుంది. కోనసీమలో చెరువుల కోసం బోర్లు తోడి తోడి తాగే బావిని ఉప్పు చేసుకున్న రైతులకు ఈ లెక్క వివరించనక్కర్లేదు. స్వరాజ్ ద్వీప్, శహీద్ ద్వీప్‌లలో హోటళ్లు పెరుగుతున్న ఈ రోజుల్లో ఎక్కువ భయపడాల్సింది దీనికే.

ఉప్పు ఎంత తక్కువ కలిసినా నాలుక పట్టేస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. వంద లీటర్ల మంచినీటిలో లీటరున్నర సముద్రపు నీరు పడితే చాలు, క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాముల హద్దు దాటిపోతుంది. మన తాగునీటి ప్రమాణం చెప్పే హద్దు అదే. పడవలో మూత సరిగా లేని డ్రమ్ము మీద రెండు కెరటాలు పడితే జరిగేది ఇదే.

ఏ రుచి ఎక్కడి నుంచి

నీటిలో మట్టి వాసన, బూజు వాసన వస్తే అది జియోస్మిన్ పని. ఏ జలాశయంలోనైనా ఎండాకాలం నాచు పెరిగినప్పుడు పుడుతుంది. లీటరులో పది నానోగ్రాములున్నా మన ముక్కు పసిగట్టేస్తుంది. ప్రాణానికి ముప్పు లేదు గానీ గుటక దిగదు. మందుల షాపు వాసన వస్తే గొట్టాన్ని అనుమానించాలి. రబ్బరు, చవక ప్లాస్టిక్ గొట్టాల్లోని ఫినాల్ జాతి రసాయనాలు క్లోరిన్‌తో కలిస్తే ఆ వాసన పుడుతుంది. మొక్కలకు పట్టే పైపుతోనే బండి ట్యాంకు నింపేవాళ్లందరికీ ఇది అనుభవమే. నోరు పట్టినట్టు తుప్పు రుచి వస్తే ఇనుప పైపు. కాచినప్పుడు గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడితే సున్నపురాయి బావి. ఇక ఏ రుచీ లేకుండా చప్పగా ఉంటే అది వాననీరో, ఆర్వో యంత్రం పిండి వదిలిన నీరో. కొద్దిపాటి లవణాలుంటేనే నీటికి రుచి. లీటరుకు 300 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న నీటిని జనం ఎక్కువగా మెచ్చుకుంటారని, 1,200 దాటితే నోట పెట్టరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

డ్రమ్ముల గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. రేవుల్లో చవకగా దొరికే నీలం డ్రమ్ము అంతకు ముందు ఏం మోసిందో అడగండి. యాసిడో, పురుగుమందో మోసిన డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా తాగునీటికి పనికిరాదు. పిల్లలు తాగే నీళ్లను అందులో పోయకండి.

బండి ట్యాంకయినా, పడవ ట్యాంకయినా శుభ్రం చేసే పద్ధతి ఒకటే. సువాసనలు కలపని 5 శాతం బ్లీచింగ్ ద్రావణం 100 మిల్లీలీటర్లు 100 లీటర్ల నీటిలో కలిపి ట్యాంకు నింపాలి. ఆ నీటిని అన్ని కుళాయిల్లోంచీ కాస్త వదలాలి. గొట్టాల్లో పేరుకున్న జిగురుకూ మందు తగలాలి కదా. నాలుగు గంటలుంచి పారబోసి, వాసన పోయేదాకా మంచినీటితో కడగాలి. ఆ తర్వాతే తాగే నీళ్లు. బొగ్గు ఫిల్టరు బిగించే చోటులో చాలామంది పొరపడతారు. నీళ్లు నింపే దగ్గరే పెడితే క్లోరిన్ అక్కడే పోతుంది, కాపలా లేని నీరు ట్యాంకులో వారం రోజులు మురుగుతుంది. ట్యాంకులో క్లోరిన్‌ను ఉండనిచ్చి, తాగే కుళాయి ముందు ఫిల్టరు పెడితే కాపలా ఉంటుంది, రుచీ వస్తుంది. గడువు తీరిన ఫిల్టరు ఉండటం కంటే లేకపోవడమే నయం. క్రిములకు అదే గూడవుతుంది.

మనవాళ్లకు ఫిల్టర్లు రాకముందు చిల్లగింజ ఉండేది. గోదావరి ఎర్రనీళ్లు బిందెలో పోసి, సానమీద అరగదీసిన చిల్లగింజ గంధం కలిపితే తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగేది. నీరు తేటపడేది. మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి బరువెక్కించే గుణం ఆ గింజలో ఉంది. పటిక చేసే పనీ అదే. తేటపడిన నీటిలో క్రిములుండవని అనుకోవద్దు. తేర్చిన తర్వాత కాచాల్సిందే. అండమాన్ వానల్లో వాగునీళ్లు ఎర్రబడినప్పుడు ఈ రెండు మెట్ల పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

మంచు గడ్డ దాచిపెట్టదు

గడ్డకట్టిస్తే నీటి చెడు పోతుందన్న నమ్మకం ఎందుకో బలంగా ఉంది. నిజం దానికి విరుద్ధం. గడ్డకట్టినంత మాత్రాన చాలా సూక్ష్మజీవులు చావవు, నిద్రపోతాయి. గ్లాసులో కరగగానే లేస్తాయి. రుచీ అంతే. చల్లదనం నాలుకను కాసేపు మొద్దుబారుస్తుంది గానీ, ఐసు కరిగాక చివరి గుక్కలో అసలు సంగతి బయటపడుతుంది.

ఐసు మన తీరానికి వచ్చిందే దూరం నుంచి. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు బోస్టన్ నుంచి కలకత్తాకు టస్కనీ అనే ఓడలో సుమారు 180 టన్నుల మంచు పంపితే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత వంద టన్నుల దాకా మిగిలింది. చెరువు మంచు అది. 1842లో మద్రాసు సముద్రపు ఒడ్డున కట్టిన ఐస్‌హౌస్ ఆ వ్యాపారానిదే. 1897లో వివేకానందుడు బస చేసిన ఆ భవనం ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. ఆవిరి యంత్రాలతో ఇక్కడే ఐసు చేయడం మొదలయ్యాక ఆ ఓడలు ఆగిపోయాయి.

నేటి ఐసు ఫ్యాక్టరీలో జరిగేది చూస్తే దిమ్మ నడుమ ఎందుకు తెల్లగా ఉంటుందో అర్థమవుతుంది. సున్నాకు పది డిగ్రీల దిగువకు చల్లబరిచిన చిక్కటి ఉప్పునీటి తొట్టిలో, మంచినీళ్లు పోసిన పొడవాటి రేకు డబ్బాలను ముంచుతారు. తొట్టిని చల్లబరిచేది అమ్మోనియా యంత్రం. 50 కిలోల దిమ్మ గట్టిపడటానికి దాదాపు రోజు పడుతుంది. అంచుల నుంచి లోపలికి గడ్డకట్టేకొద్దీ నీరు తనలోని గాలినీ లవణాలనూ నడుమకు నెట్టేస్తుంది. ఆ తెల్లటి పొర అదే. చెడు రుచి ఎక్కువగా చేరేదీ అక్కడే. శ్రద్ధగల ఫ్యాక్టరీల్లో డబ్బాలోకి సన్నటి గొట్టంతో గాలి ఊది నీటిని కదుపుతారు. చివర్లో నడిమి నీటిని పీల్చేసి కొత్త నీరు పోస్తారు. అప్పుడు దిమ్మ అద్దంలా వస్తుంది. డబ్బాకు చిన్న చిల్లు పడితే తొట్టిలోని ఉప్పునీరు దిమ్మలోకి చేరుతుంది. చేపకు ఫర్వాలేదు, మనిషికి కాదు.

చేపలకు ఐసు చాలా కావాలి. మనలాంటి వేడి ప్రాంతాల్లో కిలో చేపకు కిలో ఐసు చొప్పున లెక్కేసుకోమంటారు. ఆ ఐసు నేల మీద ఈడుస్తారు, గోనెల్లో కడతారు, చెక్క సుత్తితో కొడతారు. దాని పని వేరు కాబట్టి తప్పు లేదు. తప్పంతా ఆ ముక్కే చెరకురసం గ్లాసులో తేలినప్పుడు. అందుకే 2018లో దేశ ఆహార భద్రతా సంస్థ, చేపల్లాంటివి నిల్వచేసే ఐసుకు నీలం రంగు కలపాలని, తాగే వాటిలో వేసే ఐసు రంగులేకుండా తాగునీటితోనే చేయాలని చెప్పింది. చాలా మంచి నిర్ణయం. చదువు రానివాళ్లూ పసిపిల్లలూ కూడా గుర్తుపట్టగలిగిన హెచ్చరిక అది. దేశంలోని ప్రతి రేవులోనూ, మన కాకినాడ, విశాఖ రేవులతో సహా, దాన్ని పట్టుగా అమలు చేయాలి.

ఐసు అవసరం అండమాన్‌లో మన ఊళ్లకంటే ఎక్కువే. రాయలసీమ మే నెలలో కుండ నీళ్లు జివ్వుమంటాయి, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కుండ చెమ్మ చకచకా ఆవిరై నీటి వేడిని లాగేస్తుంది. దీవుల్లో ఏడాదిలో చాలాకాలం గాలిలో తేమ 80 శాతం చుట్టూ ఉంటుంది. కుండ చెమరుస్తుంది గానీ ఆరదు. నీరు పెద్దగా చల్లబడదు.

మరి పడవలో, బండిలో ఏం చేయాలి? దారి తేలిక. ఐసును నీళ్లలో వేయకండి, నీళ్లను ఐసులో పెట్టండి. ఒడ్డున ఉన్నప్పుడే కాచి చల్లార్చిన మంచినీటిని సీసాల్లో ముప్పాతిక దాకా పోసి గడ్డకట్టించండి. గడ్డకట్టేటప్పుడు నీరు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, అందుకే ఆ ఖాళీ. ఆ సీసాలే పెట్టెలో ఐసు. కరిగితే అవే తాగునీళ్లు. చేపలో, కూరగాయలో పెట్టిన పెట్టెలోని మురికి నీరు వాటిని తాకదు. 30 డిగ్రీల నీటిని లీటరు తీసుకుని పది డిగ్రీలకు దించడానికి పావుకిలో కంటే తక్కువ ఐసు చాలు కాబట్టి నాలుగైదు సీసాలు ఒక కుటుంబానికి రోజు గడిపేస్తాయి. పెద్ద సీసా చిన్నదానికంటే నెమ్మదిగా కరుగుతుంది. దూరం వెళ్లేవాళ్లు పెద్దవే పెట్టుకోవాలి.

ఐసు ముక్కలే కావాలంటే మూతున్న ట్రేలో చేయండి. ఐసు వాసనలను త్వరగా పట్టుకుంటుంది. బుల్లి ఫ్రిజ్‌లో ఎండుచేప పక్కన తెరిచిపెట్టిన ట్రే రెండు రోజులకే పనికిరాకుండా పోతుంది. అద్దంలాంటి ఐసు ఇంట్లో చేసే కిటుకును 2009లో కాంపర్ ఇంగ్లిష్ అనే అమెరికా రచయిత లోకానికి చూపించాడు. చిన్న థర్మోకోల్ పెట్టెలో నీళ్లు పోసి, మూత తీసి ఫ్రీజర్లో పెట్టాలి. చలి పై నుంచి మాత్రమే తగులుతుంది. గాలీ లవణాలూ అడుక్కి జారతాయి. పూర్తిగా గట్టిపడకముందే తీసి అడుగు భాగాన్ని కోసి పారేస్తే, మిగిలిన పై భాగం తేటగా, రుచిగా ఉంటుంది.

అండమాన్ ట్రంక్ రోడ్డు మీద డిగ్లీపూర్ దాకా బండిలో వెళ్లేవాళ్లు నీళ్లన్నీ జిర్కాటాంగ్ చెక్‌పోస్టుకు ముందే నింపుకోవాలి. అక్కడి నుంచి జారవా ఆదివాసుల అడవి. వాహనాలు గుంపుగా, పోలీసు కాపలాతో వెళ్తాయి. ఆగకూడదు, దిగకూడదు, ఫొటోలు తీయకూడదు, వాళ్లకు ఏమీ ఇవ్వకూడదు. ఖాళీ సీసా కిటికీలోంచి విసరడం వాళ్ల ఇంట్లోకి చెత్త విసరడమే.

పది చదరపు మీటర్ల బండి కప్పు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వంద లీటర్లు. వంద చదరపు మీటర్ల ఇంటి కప్పు మీద అండమాన్ ఏడాది వాన పడితే, ఆవిరికీ ఒలికిపోవడానికీ అయిదో వంతు వదిలేసినా రెండు లక్షల నలభై వేల లీటర్లు. పొడి నెలలు నాలుగూ నలుగురికి తాగడానికి, వండుకోవడానికి కావాల్సింది పది వేల లీటర్లలోపే. ఆ నీళ్లు ఇప్పుడు సముద్రంలో కలుస్తున్నాయి. దీవుల్లోని తెలుగు సంఘాలకు, మత్స్యకార పెద్దలకు, పాలకులకు మా విన్నపం ఒకటే. వచ్చే మే నెల తొలి వాన పడేలోపు ఇంటి కప్పు కడగండి, తొలి జల్లును వదిలేసి తర్వాతి వానను మూసిన ట్యాంకులోకి మళ్లించండి. ప్రతి రేవులో తాగే ఐసుకు వేరే డబ్బాలు, వేరే గది, చేపల ఐసుకు నీలం రంగు పెట్టించండి.